మంగళవారం చుక్కలు

గోడ మీది చార్టు

చైతన్యపురి మెట్రో స్టేషను దిగి, కోచింగు సెంటర్ల బోర్డుల కింద నుంచి నడిచి, రెండో సందులోకి తిరిగితే ఒక మేడ మీద మా సెంటరు ఉండేది. కింద జిరాక్సు, పైన థీసిస్ టైపింగు, బైండింగు, కిటికీ పక్కన నా బల్ల. బయటి బోర్డు మీద "డేటా అనాలిసిస్ చేయబడును" అని రాసి ఉండేది. ఆ చేయబడే పని చేసేవాణ్ణి నేను.

నేను చదివింది బీకాం. గణాంకాలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత పుస్తకాలు కొనుక్కుని, అందులోని లెక్కలు చేత్తో చేసి, జవాబు కలవకపోతే మళ్ళీ చేసి నేర్చుకున్నాను. కళ్ళు ఇబ్బంది పెడుతున్నాయని ఈమధ్యే మానేశాను. ఇలాంటి బల్ల దగ్గర ఇకముందు కూర్చోబోయే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటను ఎక్కడ ఉంటుందో ఇందులో ఉండదు. అది మీకు నాకన్నా బాగా తెలుసు.

మా యజమాని ప్రసాదరావు గారిది తెనాలి వైపు. మనుషుల్ని కసురుకోరు, జీతం ఆపరు. ఆయన ఎక్కడో సంపాదించిన చార్టు ఒకటి నా బల్ల ఎదుటి గోడకు అంటించి ఉండేది. రెండు గుంపుల్ని పోల్చాలా? అంకెలు గుడిగంట ఆకారంలో, నడుమ ఎత్తుగా రెండు పక్కలా సమంగా వాలి ఉన్నాయా? ఉంటే టీ-టెస్టు. లేకపోతే ర్యాంకుల పరీక్ష. బాణం గుర్తులు, డబ్బాలు, అడుగున జవాబు.

"ఏవండీ యాదగిరి గారూ, ఎందుకండీ అంతసేపు చూస్తారు? చార్టు చూసి చేసేయండి. బయట ముగ్గురు కూర్చున్నారు" అనేవారు.

చార్టు అబద్ధం చెప్పదు. టీ-టెస్టు సగటుల్ని పోలుస్తుంది. సగటు మంచిదే గానీ, ఎవరు గట్టిగా లాగితే అటు జరుగుతుంది. ఒక కోచింగు క్లాసులో అందరూ పక్క సందులోని హాస్టలు నుంచి పది నిమిషాల్లో నడిచి వస్తారనుకోండి. ఒక్కడు మాత్రం అల్మాస్‌గూడ నుంచి రెండు ఆటోలు మారి గంటన్నర పడి వస్తాడు. వాడి ఒక్కడి మూలంగా క్లాసు సగటు పెరుగుతుంది. ఆ పెరిగిన సగటు నడిచి వచ్చేవాళ్ళదీ కాదు, వాడిదీ కాదు. ర్యాంకుల పరీక్ష అంకెల్ని పక్కనపెట్టి వరసను మాత్రమే చూస్తుంది. అల్మాస్‌గూడ వాడు అందరికన్నా చివర. ఎంత చివర అన్నది దానికి పట్టదు.

అందుకే అంకెలు ఒక పక్కకు సాగి ఉంటే ర్యాంకులు వాడమంటుంది చార్టు. చాలాసార్లు అది సరైన సలహానే. కానీ అది అంకెల ఆకారం గురించి మాత్రమే అడుగుతుంది. అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయని అడగదు. వాటితో ఏం తెలుసుకోవాలని అసలే అడగదు. ఈ రెండు ప్రశ్నలూ నాకు నేర్పినవి ఇద్దరు ఆడవాళ్ళు తెచ్చిన అంకెలు. ఒకామెవి మొదటిది, ఇంకొకామెవి రెండోది.

గదికి ఒక్క స్విచ్చు

మొదటి ఆమె సూర్యాపేట దగ్గరి ఎం.ఎడ్. అమ్మాయి. రెండు రకాల కోచింగుల్లో చదివే హాస్టలు ఆడపిల్లలు ఎంతసేపు నిద్రపోతారో అడిగి రాసుకొచ్చింది. అంకెలు చక్కగా గంట ఆకారంలో ఉన్నాయి. చార్టు ప్రకారం టీ-టెస్టు. చేస్తే తేడా స్పష్టంగా వచ్చింది, పీ విలువ చాలా చిన్నది. నిజానికి ఏ తేడా లేకపోయినా, ఇంత తేడా లేదా ఇంతకన్నా ఎక్కువ వట్టి యాదృచ్ఛికంగా కనబడే అవకాశమే పీ విలువ. అది చిన్నదైతే విద్యార్థులు మిఠాయి తెస్తారు.

ఆమె తెచ్చిన పట్టికను ఇంకోసారి పైనుంచి కిందికి చూశాను. నలుగురి అంకెలు దాదాపు ఒకటే, తర్వాతి నలుగురివి ఇంకొకటే. ఇదేమిటని అడిగాను.

"ఒక్క రూంల నలుగురుంటరు కద సార్. లైటు ఒక్కటే. ఒకామె బంద్ చేస్తే అందరు పండాలె, ఒకామె సదివితే అందరు మేల్కోవాలె."

అంటే ఆమె అడిగింది మనుషుల్ని, కొలిచింది స్విచ్చుల్ని. ప్రతి అంకె మిగతావాటితో సంబంధం లేకుండా వచ్చిందన్న నమ్మకం మీదే ఆ పరీక్షలన్నీ నిలబడతాయి. ర్యాంకుల పరీక్ష కూడా అంతే. ఈ తప్పుకు చార్టులో డబ్బా లేదు. గదికొక సగటు తీసి, గదుల్ని పోల్చాము. అంతమంది పిల్లలు కాస్తా గుప్పెడు గదులయ్యారు. తేడా మిగల్లేదు.

"ఎండల్ల అన్ని హాస్టళ్లు తిరిగిన సార్. గిప్పుడు పిల్లలు కాదు, రూములు అంటరేంది?" అని ఆమె చాలాసేపు అలిగి కూర్చుంది. తర్వాత అదే రాసి ఇచ్చింది. పాసైంది.

అంకెలు వంకరగా ఉంటే బొమ్మ గీసినప్పుడు కనబడుతుంది. అంకెలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే ఏ బొమ్మలోనూ కనబడదు. తెచ్చిన మనిషిని అడగాలి.

స్వరూప తెచ్చిన గంటలు

రెండో ఆమె స్వరూప. నల్గొండ పక్క పల్లె. ఎల్బీ నగర్ దగ్గర ఒక దవాఖానలో స్టాఫ్ నర్సు. సెలవు పెట్టి ఎమ్మెస్సీ నర్సింగు చదువుతోంది.

వాళ్ళ వార్డు నుంచి ఒక పెద్దాయన డిశ్చార్జి అయి ఇంటికి పోయి, షుగరు గోలీలు పొద్దుటివీ రాత్రివీ కలిపి మింగి, నాలుగు రోజుల్లో స్పృహ లేకుండా వెనక్కి వచ్చాడట. వెళ్ళేటప్పుడు హడావుడిలో ఎవరో చీటీ చేతిలో పెట్టారు, అంతే. అప్పటినుంచి ఈమె ఒక పద్ధతి మొదలుపెట్టింది. రేపు ఇంటికి పంపుతారనగా ముందురోజు సాయంత్రం ఒక నర్సు మంచం దగ్గర కూర్చుని ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో చెబుతుంది, వాళ్ళచేత తిరిగి చెప్పించుకుంటుంది. ఆమె సెలవులో ఉండగా ఒక్క వార్డులో ఒక చిన్న సిస్టరు ఆ పని చేస్తోంది.

దవాఖాన సూపరింటెండెంటు షరతు ఒకటే. "మొత్తం మీద మంచాలు తొందరగా ఖాళీ అయితే ఉంచుతా. లేకపోతే ఆ సిస్టర్ని ఐసీయూకు తీసుకుంటా."

మందుల సంగతి చెప్పే నర్సు ఉంటుందా, పోతుందా అన్నది స్వరూప థీసిస్ మీద పడింది. డాక్టరు డిశ్చార్జి రాసినప్పటి నుంచి మనిషి మంచం దిగి వెళ్ళేదాకా ఎన్ని గంటలు పట్టిందో, కొత్త పద్ధతి ఉన్న వార్డుకూ లేని వార్డుకూ రాసి తెచ్చింది.

"పీ విలువ తక్కువ రావాలె అన్నా. జర చూడుండ్రి."

"బియ్యం బేరం కాదమ్మా, తక్కువ చేసి ఇయ్యడానికి."

నవ్వింది గానీ, చేతిలోని సంచీ పట్టీని మెలితిప్పుతూనే ఉంది.

చుక్కల బొమ్మ గీశాను. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. పాత వార్డులో ఎక్కువమంది ఐదు గంటల చుట్టూ, కొత్త వార్డులో మూడు గంటల చుట్టూ ఉన్నారు. వాటికి చాలా పైన, ఇరవై గంటల దగ్గర, విడిగా ఇంకొన్ని చుక్కలు. అవి కొత్త వార్డులోనే ఎక్కువ.

టీ-టెస్టు చేస్తే తేడా లేదంది. ఆ పైచుక్కలు కొత్త వార్డు సగటును పైకి లాగి పాత వార్డుతో సమానం చేశాయి. ర్యాంకుల పరీక్ష చేస్తే కొత్త పద్ధతి చాలా మేలంది.

మొదట టైపింగు తప్పేమోనని అడిగాను. "ఇక్కడ ఇరవై రెండున్నది. రెండు పాయింటు రెండా?"

"కాదన్నా, ఇరవై రెండే. గవన్నీ కరెక్టే."

ప్రసాదరావు గారు నా భుజం మీదుగా తొంగిచూశారు. "అవి ఔట్‌లయర్లు కదండీ, గుంపులో చేరని అంకెలు, తీసేయండి. కింద ఒక లైను రాసేస్తే సరిపోతుంది."

తీసేయడం ఈ వృత్తిలో అన్నిటికన్నా సులువైన పని. కారణం తెలియని అంకెను తీసేయకూడదని నేను పెట్టుకున్న నియమం. కొలవడంలో తప్పు జరిగిందని తేలితే దిద్దాలి. తప్పు కాదంటే అది ఉన్నట్టే. లాగరిథంలోకి మార్చి అంకెల్ని దగ్గరికి చేర్చేవాళ్ళున్నారు. ఒకే పక్కకు మెల్లగా సాగిన అంకెలకు అది పనికొస్తుంది. ఇక్కడ సాగడం లేదు. నడుమ ఖాళీ వదిలి పైన ఇంకో గుంపు కూర్చుంది. ఆ మాట బొమ్మ చెబుతూనే ఉంది. నా కళ్ళు మాత్రం చార్టు మీద ఉన్నాయి. ఆకారం గంటలా లేదు కాబట్టి ర్యాంకులు. అదే పెడదామన్నాను.

"గదే పెట్టుండ్రి అన్నా, దండం పెడ్త" అంది స్వరూప.

గైడు మేడం ప్రశ్న

స్వరూప థీసిస్ చూసే గైడు మేడం ఒప్పుకోలేదు. ఆమె పేరు వసుంధర, ఇల్లు వనస్థలిపురంలో. స్వరూపనూ నన్నూ రమ్మంటే ఒక ఆదివారం వెళ్ళాము. కాఫీ ఇచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, నా కాగితాలు ముందేసుకున్నారు.

"మా దగ్గర అందరూ టీ-టెస్టే చేస్తారండీ. కమిటీలో ఎవరూ ఏమీ అనరు."

"అనరని చేస్తే ఎట్ల మేడం? సగటును నాలుగు చుక్కలు గుంజుతున్నయి."

"గుంజుతాయి, సరే. మీ ర్యాంకుల పరీక్ష ఏం చెబుతోంది?"

"కొత్త వార్డుల ఎక్కువమంది ముందుగ పోతున్నరని."

"సూపరింటెండెంటు గారు అడిగింది అదేనా? ఆయన మొత్తం మంచాల గంటలు అడిగారు. ఇరవై గంటలు మంచం నిండి ఉంటే ఆయనకది ఇరవై గంటలే. వరసలో చివరిదని రాస్తే తగ్గిపోతుందా? ర్యాంకులు మంచాలు ఖాళీ చేయవండీ."

మొత్తం గంటలు కావాలంటే సగటే కావాలి, అంకెలు ఎంత వంకరగా ఉన్నా సరే. సగటు వద్దనుకుంటే, అడిగిన ప్రశ్నను వదిలి ఇంకో ప్రశ్నకు జవాబు ఇచ్చినట్టు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అలా ఇచ్చానో అక్కడ కూర్చుని లెక్కపెట్టడం సాధ్యం కాదు కాబట్టి కాఫీ తాగాను.

"అయితే కొత్త పద్ధతి దండగేనా మేడం?" అంది స్వరూప. "ఆ సిస్టర్ని తీసేస్తరు. మళ్ల ఎవలో ఒకలు గోలీలు కలుపుకొని మింగుతరు."

మేడం చుక్కల బొమ్మను దగ్గరికి లాక్కున్నారు. "ఈ పైనున్న వాళ్ళు ఎవరమ్మా?"

"ఏవి మేడం? పైనయా? గవి మంగళారం వాళ్లయి."

"అంటే?"

"మంగళారం డిశ్చార్జి రాస్తే ఎవలు పోతరు మేడం? మంగళారం దవాఖానల నుంచి పోతే మళ్ల రావాల్సొస్తదంటరు. బిల్లు కట్టి, సంచులు సర్దుకోని, మంచం మీదనే కూసుంటరు. బుధారం తెల్లారంగనే పోతరు."

మేడం కళ్ళద్దాలు తీశారు. "నిజమే. మా అత్తగారైతే శుక్రవారం కూడా కదలనివ్వరు."

"మరి నాకు చెప్పలేదేందమ్మా?" అన్నాను.

"మీరడిగిండ్రా? టైపింగు తప్పా అన్నరు, కాదన్న. గిది కొత్త ముచ్చటనా అన్నా? మీ ఇంట్ల పోతరా మంగళారం?"

"పోము."

ముగ్గురం నవ్వాము. ముగ్గురికీ పుట్టినప్పటి నుంచి తెలిసిన విషయం. అందరికీ తెలిసింది కాబట్టి ఎవరూ రాసుకోలేదు. నేను ఏ పరీక్ష పెట్టాలా అని వెతుకుతుంటే, దానికి జవాబు నా ఇంటి గోడకు వేలాడే క్యాలెండరులో ఉంది.

"ఆ చుక్కలు కొత్త వార్డులోనే ఎందుకెక్కువ?" అన్నారు మేడం.

దానికీ స్వరూపే చెప్పింది. కొత్త వార్డు పెద్ద సర్జను రౌండు మంగళవారం. ఆయన డిశ్చార్జులన్నీ ఆ రోజే రాస్తాడు, మిగతా రోజుల్లో కింది డాక్టర్లు రాస్తారు. పాత వార్డుకు గురువారం.

ఆమె రాసుకున్న తేదీలకు వారాలు చేర్చి, అంకెల్ని రెండుగా విడగొట్టాను. మామూలు రోజుల్లో కొత్త పద్ధతి మంచాన్ని తొందరగా ఖాళీ చేస్తోంది. విడగొట్టాక అంకెలు ఎంత చక్కబడ్డాయంటే సగటులు పోల్చినా, వరసలు పోల్చినా ఒకే మాట. మంగళవారం మాత్రం ఏ వార్డైనా ఒకటే. ఎంత బాగా చెప్పినా మంచం దిగరు. రెండు వేర్వేరు గుంపుల్ని ఒకటిగా కలిపి, వాటి ఆకారం వంకరగా ఉందని నేను పరీక్షను మార్చబోయాను.

ఇంకో మాట కూడా అక్కడే చెప్పాను. అంకెలు చూశాక విడగొట్టామని థీసిస్‌లో దాచకుండా రాయాలి. ఇంకా, ఎంతమంది రోగులున్నా వార్డులు రెండే. వార్డు అంతటికీ పెద్ద సర్జను ఒకడే, హెడ్ నర్సు ఒకతే. నాకు ఎం.ఎడ్. అమ్మాయి చెప్పిన స్విచ్చు గుర్తొచ్చింది. మేలంతా ఈ పద్ధతిదేనని గట్టిగా అనలేము.

"అది కూడా రాయమ్మా. చివర 'పరిమితులు' అన్న చోట కాదు, ఫలితాల పక్కనే రాయి" అన్నారు మేడం.

స్వరూప రాసుకుంది. ఆమె మొహంలో సంతోషం లేదు. సూపరింటెండెంటు అడిగింది అవునో కాదో. మేము ఇస్తున్నది "మామూలు రోజుల్లో అవును, మంగళవారం కాదు, రెండింటికీ కొంత అనుమానం" అన్న జవాబు. ర్యాంకుల పరీక్ష ఒక్కటే పెట్టి ఇచ్చి ఉంటే ఆమెకు కావలసింది ఆ రోజే దొరికేది. ఈ వృత్తిలో మీకు ఇలాంటి రోజులు చాలా వస్తాయి. మంచి పనికోసం ఇంకొంచెం మంచిగా కనబడే అంకె ఇవ్వమని అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అందుకే కాదనడం కష్టం.

గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆమె ఆగింది. "అన్నా, సోమారం సాయంత్రం మేం చెప్పినప్పుడు పేషెంటు ఒక్కడే ఉంటడు. మంగళారం తీస్కపోను కొడుకు, కోడలు అందరొస్తరు. పోరు. ఆ రాత్రంత ఉత్తగనే కూసుంటరు."

"అయితే?"

"అయితే మంగళారం సాయంత్రమే చెప్పొచ్చు కద. గోలీలిచ్చేటోళ్లంత అక్కడనే ఉంటరు."

థీసిస్ చివరి పేజీలో ఆ మాట రాసింది. సూపరింటెండెంటు మొదట సర్జను రౌండును మార్చాలని చూశాడట. సర్జనుకు మిగతా రోజులు వేరే దవాఖానలున్నాయి, కుదరదన్నాడు. మంచాలు మంగళవారం ఎలాగూ ఖాళీ కావు. ఆ తర్వాత ఏం నిర్ణయించారో నాకు తెలియలేదు. థీసిస్ బైండింగు అయ్యాక మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఉండరు. స్వరూపకు ఇంకో ఊళ్ళో ఉద్యోగం వచ్చిందని మాత్రం విన్నాను.

చార్టును నేను చింపలేదు. దాని పైన చిన్న కాగితం అంటించాను. "ముందు మనిషిని అడుగు." ప్రసాదరావు గారు చూసి, "మనుషుల్ని అడుగుతూ కూర్చుంటే షట్టరు ఎప్పుడు దించుతామండీ?" అన్నారు. కాగితాన్ని మాత్రం తీసేయలేదు.

నా చుక్క

పోయిన ఏడాది నాకు హెర్నియా ఆపరేషను అయింది. ఇంటికి దగ్గరని స్వరూప పనిచేసిన దవాఖానలోనే చేరాను. కుట్లు బాగున్నాయని డాక్టరు మధ్యాహ్నం డిశ్చార్జి రాశాడు. మా ఆవిడ చీటీ తీసుకుని, సంచీ సర్ది, సంచీ పక్కన కూర్చుంది.

"ఆటో పిలువనా?" అన్నాను.

"ఇయ్యాల మంగళారం."

ఏ గుంపులో పడ్డానో నాకు తెలుసు.

సాయంత్రం ఆ వార్డులో సంచులు సర్దుకున్నవాళ్ళు మేమొక్కళ్ళమే కాదు. మంచాల చుట్టూ కొడుకులు, కోడళ్ళు, టిఫిను డబ్బాలు. ఒక చిన్న సిస్టరు మందుల ట్రే పట్టుకుని ఒక్కో మంచం దగ్గరికీ వచ్చింది. స్వరూప కాదు. స్వరూప ఎవరో కూడా ఆ అమ్మాయికి తెలియదు. అడిగితే, "ఇక్కడ మంగళారం ఎప్పుడూ గిట్లనే చెప్తం" అంది.

నా మందులు ఒక్కొక్కటే చూపించి, ఏది తిన్నాక, ఏది తినకముందు, ఏది ఐదు రోజులు, ఏది పది రోజులు అని చెప్పింది. తర్వాత ట్రే వెనక్కి లాక్కుంది.

"ఇప్పుడు మీరు చెప్పుండ్రి తాతా."

తాత అన్నందుకు మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. నేను జీవితమంతా అంకెలతో బతికినవాణ్ణి. ధీమాగా మొదలుపెట్టాను. తెల్ల గోలీ పొద్దున తిన్నాక, పచ్చది రాత్రి.

"తప్పు. పచ్చది పొద్దుగాల, తినకముందు. మళ్ల చెప్పుండ్రి."

మళ్ళీ చెప్పాను.